లేజర్‌తో కళ్ళద్దాలు తీయించుకుంటున్నారా? ముందు సెలవు రోజులు లెక్కపెట్టుకోండి



సెలవులకు ఇండియా వెళ్ళే ముందు దోహాలో మన ఇళ్ళలో ఒక జాబితా తయారవుతుంది. తిరుమల దర్శనం, బంధువుల పెళ్ళి, పళ్ళ డాక్టరు, బ్యాంకు పనులు. ఈ మధ్య ఆ జాబితాలో ఇంకొకటి చేరింది: "ఎలాగూ హైదరాబాద్ వెళ్తున్నాం కదా, లేజర్ చేయించి సైట్ తీయించేద్దాం." కాలేజీకి వెళ్ళే పిల్లలకు, పెళ్ళి కుదిరిన అమ్మాయిలకు, అబ్బాయిలకు, కళ్ళద్దాలతో విసిగిపోయిన మాలాంటి ఉద్యోగులకు అందరికీ ఈ ఆలోచన వస్తోంది.

ఈ వ్యాసం రాస్తున్న మేము డాక్టర్లం కాము. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని, తీరిక దొరికినప్పుడు గుడి పనులకు వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. మీకు చికిత్స చెప్పడం మా పని కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు తెలిసి ఉండాల్సిన విషయాలను ఒకచోట చేర్చి చెప్పడమే మా ఉద్దేశం.

ముఖ్యమైన మాట ముందే చెప్తాం. లేజర్ చికిత్సలో పెద్ద ఇబ్బందులు అరుదు. వచ్చినా చాలావాటికి వైద్యం ఉంది. కానీ ఒక్కో ఇబ్బందికి ఒక్కో గడువు ఉంది. కొన్నింటికి గంటలు, కొన్నింటికి రోజులు, కొన్నింటికి ఏళ్ళు. గడువులోపల డాక్టరు చూస్తే చుక్కల మందుతో పోయేది, గడువు దాటితే కంటి మీద మచ్చగా మిగలొచ్చు. అందుకే ఆపరేషన్ ఖర్చు కన్నా ముందు సెలవు రోజులు లెక్కపెట్టుకోమంటున్నాం.

అసలు ఏం చేస్తారు?

కంటి ముందుభాగంలో అద్దంలా పారదర్శకంగా ఉండే పొర కార్నియా. దాని మందం మధ్యలో సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కన్నా కొంచెం ఎక్కువ. ఈ పొర వంపును మార్చితే వెలుగు సరిగ్గా రెటీనా మీద పడుతుంది, కళ్ళద్దాల అవసరం తగ్గుతుంది.

ఈ పని చేసే ఎక్సైమర్ లేజర్ కథలో మనవాళ్ళు గర్వపడే పేరొకటి ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదువుకున్న రంగస్వామి శ్రీనివాసన్, అమెరికాలో ఐబీఎం పరిశోధనశాలలో సహోద్యోగులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లతో కలిసి పనిచేసేవారు. ఈ లేజర్ చుట్టుపక్కల కణజాలాన్ని కాల్చకుండా శుభ్రంగా చెక్కగలదని ఆ బృందం 1981లో గమనించింది. ఆ తర్వాత కంటి డాక్టరు స్టీఫెన్ ట్రోకెల్‌తో కలిసి దాన్ని కార్నియా మీద పరీక్షించి 1983లో ఫలితాలు ప్రచురించారు.

ఇప్పుడు వాడుకలో ఉన్నవి ముఖ్యంగా మూడు పద్ధతులు.

లాసిక్‌లో కార్నియా పైన 100 నుంచి 120 మైక్రాన్ల మందంలో పల్చటి పొరను కోస్తారు. దీన్ని ఫ్లాప్ అంటారు. ఒకవైపు అంటుకునే ఉంటుంది కనుక పుస్తకం అట్టలా తెరుచుకుంటుంది. దాని కింద లేజర్‌తో చెక్కి, మళ్ళీ అట్ట మూసేస్తారు. కుట్లు ఉండవు.

పీఆర్‌కేలో ఫ్లాప్ ఉండదు. పైచర్మం లాంటి పొరను తీసేసి నేరుగా చెక్కుతారు. ఆ పొర మళ్ళీ పెరిగే మూడు నాలుగు రోజులు నొప్పి ఉంటుంది. చూపు తేరుకోవడానికి వారాలు పడుతుంది.

స్మైల్‌లో లోపలే చిన్న బిళ్ళలాంటి ముక్కను లేజర్‌తో తయారుచేసి, కొద్ది మిల్లీమీటర్ల గాటు నుంచి బయటకు తీస్తారు. ఫ్లాప్ జారే భయం ఇందులో లేదు. మిగతా ఇబ్బందుల్లో కొన్ని దీనిలోనూ ఉన్నాయి.

ఆపరేషన్ బల్ల మీద: ఆపేయడం కూడా వైద్యమే

ఫ్లాప్ కోసేటప్పుడు కంటిని కదలకుండా ఒక రింగ్ పట్టి ఉంచుతుంది. రోగి ఉలిక్కిపడితే ఆ పట్టు జారవచ్చు. అప్పుడు ఫ్లాప్ సగమే తెగడం, మధ్యలో రంధ్రం పడటం, పూర్తిగా విడిపోవడం లాంటివి జరగవచ్చు. ఇలాంటప్పుడు మంచి సర్జన్ సాధారణంగా చెక్కే పని మొదలుపెట్టకుండా ఆపేస్తారు. పొరను ఉన్నచోటే సర్ది, కట్టు లాంటి మెత్తని కాంటాక్ట్ లెన్స్ పెట్టి పంపిస్తారు. కొన్ని నెలలు ఆగి, కన్ను మానాక, చాలాసార్లు పీఆర్‌కే పద్ధతిలో పని పూర్తిచేస్తారు.

"టిక్కెట్టు ఉంది, ఈరోజే ఎలాగైనా కానిచ్చేయండి" అని ఆ సమయంలో డాక్టరును తొందరపెట్టకూడదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పు విడుదల చేస్తే వెనక్కి తీసుకోవచ్చు. చెక్కేసిన కార్నియాను తిరిగి తెచ్చిపెట్టలేం. ఆగిన డాక్టరు మీ కన్ను కాపాడినట్టే.

మొదటి 24 గంటలు: ఫ్లాప్ జారడం

మొదటి రాత్రి నిద్రలో కన్ను నలిపినా, దెబ్బ తగిలినా ఫ్లాప్ జరగవచ్చు, లేదా దుప్పటిలా ముడతలు పడవచ్చు. గుర్తులు: ఒక్కసారిగా చూపు మసకబారడం, గట్టి నొప్పి, ఆగకుండా నీరు కారడం, ఇసుక పడ్డట్టుండటం. ఆపరేషన్ అయిన కొన్ని గంటలు కాస్త మంట, నీరు మామూలే. కానీ తగ్గుతూ రావాల్సింది పెరుగుతుంటే, తగ్గినది మళ్ళీ మొదలైతే, తెల్లారేదాకా ఆగకూడదు.

వైద్యం సులువే. ఫ్లాప్ ఎత్తి, కింద కడిగి, ముడతలు సాఫుచేసి, మళ్ళీ సర్దుతారు. ఆ రోజే చేస్తే ఫలితం బాగుంటుంది. రోజులు గడిస్తే ముడత అలాగే బిగుసుకుపోతుంది. అందుకే కంటికి ఇచ్చే ప్లాస్టిక్ కవచం పెట్టుకుని పడుకోమంటారు. మొదటి రోజు పరీక్షకు తప్పకుండా రమ్మంటారు.

మొదటి వారం: నొప్పి లేని శత్రువు, నొప్పి ఉన్న శత్రువు

ఫ్లాప్ కింద ఇన్ఫెక్షన్ ఏమీ లేకుండానే వాపు రావచ్చు. దీన్ని డాక్టర్లు డీఎల్‌కే అంటారు. మైక్రోస్కోపులో చూస్తే గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పొరలా తెల్లటి నలుసులు కనిపిస్తాయి. అందుకే దీనికి సహారా ఇసుక అని ముద్దుపేరు కూడా పెట్టారు. ఎడారిలో ఉండే మనకు గుర్తుపెట్టుకోవడం తేలిక. అయితే ఇది బయటి ఇసుక వల్ల వచ్చేది కాదు.

దీని ప్రమాదం ఏమిటంటే, మొదట్లో కన్ను పెద్దగా ఎర్రబడదు, నొప్పి ఉండకపోవచ్చు, చూపు కూడా బాగానే ఉండొచ్చు. రోగికి తెలియదు, డాక్టరుకే కనిపిస్తుంది. సాధారణంగా మొదటి ఐదు రోజుల్లోపే వస్తుంది. మొదటి దశల్లో స్టెరాయిడ్ చుక్కలు, అవసరమైతే గంటగంటకూ వేస్తే తగ్గిపోతుంది. వాపు ఎక్కువై మధ్యభాగంలో గుమిగూడితే వెంటనే ఫ్లాప్ ఎత్తి కడుగుతారు. అదీ దాటితే కార్నియా కరిగి మచ్చ మిగులుతుంది. "బాగానే కనిపిస్తోంది, మళ్ళీ చెకప్ ఎందుకు" అనుకోకూడదని చెప్పడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

రెండోది ఇన్ఫెక్షన్. ఇది చాలా అరుదు. వస్తే నొప్పి, ఎరుపు, పుసి, వెలుగు చూడలేకపోవడం ఉంటాయి. మొదటి వారంలో మామూలు బ్యాక్టీరియా, రెండు మూడు వారాల తర్వాతైతే నెమ్మదిగా పెరిగే మైకోబ్యాక్టీరియా లేదా ఫంగస్ కారణం కావచ్చు. డాక్టరు ఫ్లాప్ ఎత్తి, నమూనా తీసి ల్యాబ్‌కు పంపి, ఘాటైన యాంటీబయాటిక్ చుక్కలు గంటగంటకూ వేయిస్తారు.

ఇక్కడే ఒక హెచ్చరిక. డీఎల్‌కేను తగ్గించే స్టెరాయిడే ఇన్ఫెక్షన్‌ను పెంచగలదు. రెండూ బయటికి దగ్గరగా కనిపించవచ్చు. కాబట్టి ఫోనులో ఎవరో చెప్పారని, ఇంట్లో ఎవరికో రాసిన చుక్కలు మిగిలాయని వేసుకోకండి. స్లిట్‌ల్యాంప్ కింద చూడకుండా ఏ మందో తేల్చలేరు.

రెండో వారం నుంచి నెల వరకు: చుక్కల మందు మీద కూడా కన్నేయాలి

స్టెరాయిడ్ చుక్కలు కొంతమందిలో కంటి లోపలి ఒత్తిడిని పెంచుతాయి. లాసిక్ అయిన కంటిలో దీనివల్ల ఫ్లాప్ కింద నీరు చేరి, చూడటానికి అచ్చం డీఎల్‌కేలాగే ఉంటుంది. పైగా ఆ నీటివల్ల మధ్యలో కొలిస్తే ఒత్తిడి తక్కువ చూపిస్తుంది. వాపు తగ్గలేదని స్టెరాయిడ్ ఇంకా పెంచితే నరం దెబ్బతినవచ్చు. దీని వైద్యం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: స్టెరాయిడ్ ఆపి, ఒత్తిడి తగ్గించే మందు ఇవ్వాలి. మందు ఎన్నాళ్ళు వాడాలో, ఎప్పుడు తగ్గించాలో కాగితం మీద రాయించుకోండి. రెండో వారం దాటాక కూడా స్టెరాయిడ్ వాడుతుంటే ఒత్తిడి కొలిపించుకోండి. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు, అంటే గ్లకోమా ఉంటే ముందే చెప్పండి.

నెలలు: పొడిబారడం, వెలుగు వలయాలు

ఫ్లాప్ కోసినప్పుడు కార్నియాలోని సన్నటి నరాలు కూడా తెగుతాయి. అవి మళ్ళీ పెరిగేదాకా కన్నీటి వ్యవస్థ మందగిస్తుంది. అమెరికాలో ఎఫ్‌డీఏ, మరి రెండు ప్రభుత్వ సంస్థలతో కలిసి ప్రౌల్ అనే అధ్యయనం చేయించింది. ఆపరేషన్‌కు ముందు పొడికన్ను లక్షణాలు లేనివారిలో 30 శాతం వరకు, మూడు నెలలప్పుడు ఆ లక్షణాలు ఉన్నాయన్నారు. దీపాల చుట్టూ వలయాలు, చుక్కల్లాంటి మెరుపులు, రెండుగా కనిపించడం వంటివి ముందు లేనివారిలో 46 శాతం వరకు కనీసం ఒక్కటి కొత్తగా వచ్చిందన్నారు. అయితే వీటివల్ల రోజువారీ పనులకు తీవ్రమైన ఇబ్బంది పడినవారు ఒక శాతం కన్నా తక్కువే.

ఈ రెండు మాటలూ కలిపి వినాలి. లక్షణాలు రావడం మామూలే, బతుకు కష్టం కావడం అరుదు. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు తగ్గిపోతాయి. ఖతార్‌లో మాత్రం కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. బయట దుమ్ము గాలి, లోపల రోజంతా ఏసీ, ఎదురుగా కంప్యూటర్ తెర. ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీళ్ళు, ఏసీ గాలి ముఖం మీదికి రాకుండా కూర్చోవడం, తెర ముందు రెప్పలు ఆర్పడం గుర్తుంచుకోవడం సాయపడతాయి. తగ్గకపోతే కన్నీటి రంధ్రాలకు చిన్న ప్లగ్గులు పెట్టడం వంటి పద్ధతులున్నాయి.

కొద్దిమందికి, పరీక్షలో ఏమీ కనిపించకపోయినా, నరాల వల్ల వచ్చే మంట, పోటు చాలాకాలం ఉంటాయి. అలాంటివారిని ఇంట్లోవాళ్ళు "అంతా నీ ఊహే" అని కొట్టిపారేయకూడదు. అది నిజమైన నొప్పి. దానికీ వైద్యం చేసే కార్నియా నిపుణులున్నారు. మనసు కుంగిపోతుంటే ఆ సాయం కూడా వెంటనే తీసుకోవాలి.

ఫ్లాప్ అంచు నుంచి పైపొర కణాలు లోపలికి పాకడం ఇంకొక ఇబ్బంది. కదలకుండా చిన్నగా ఉంటే గమనిస్తూ ఉంటారు, చూపు వైపు పాకుతుంటే ఎత్తి గీకి తీసేస్తారు. కొంచెం సైట్ మిగిలిపోతే కన్ను స్థిరపడేదాకా, అంటే కనీసం మూడు నెలలు ఆగి, మందం సరిపోతేనే మళ్ళీ లేజర్ చేస్తారు. పీఆర్‌కే అయినవారికి కార్నియా మీద పొగమంచులాంటి మసక రావచ్చు. దాన్ని తగ్గించడానికి ఆపరేషన్‌లో మైటోమైసిన్ అనే మందు వాడతారు. మన ఎండల్లో నల్లకళ్ళద్దాలు కూడా అంతే ముఖ్యం.

ఏళ్ళ తర్వాత: పలుచబడిన గోడ

అన్నింటికన్నా భయపడాల్సింది ఎక్టేసియా. బలం తగ్గిన కార్నియా లోపలి ఒత్తిడికి నెమ్మదిగా ముందుకు ఉబ్బుతుంది. చూపు మళ్ళీ చెడుతుంది, కళ్ళద్దాలతో కూడా సరిగా రాదు. ఇది నెలలకో, ఏళ్ళకో బయటపడుతుంది.

దీనికి అసలు వైద్యం ముందు జాగ్రత్తే. చిన్న లెక్క చూడండి. మీ కార్నియా 500 మైక్రాన్లు. ఫ్లాప్ 110. మైనస్ 6 సైట్‌కు చెక్కేది దాదాపు 90 అనుకుందాం. మొత్తం 200, అంటే 40 శాతం తాకినట్టు. మిగిలేది 300. నలభై శాతం, ఆపైన ఉంటే ప్రమాదం పెరుగుతుందని పరిశోధకులు చెప్తున్నారు. అదే సైట్ 540 మైక్రాన్ల కార్నియాకు ఉంటే 37 శాతమే. "మా అన్నయ్యకు బాగా కుదిరింది" అన్నది మీ కంటికి సాక్ష్యం కాదు. మీ కొలతలే సాక్ష్యం.

మందం సరిపోయినా, కెరటోకోనస్ అనే జబ్బు లోలోపల ఉంటే లాసిక్ చేయకూడదు. ఇది మన ప్రాంతాల్లో అరుదు కాదు. పక్కనే ఉన్న రియాద్‌లో పిల్లలు, యువకుల మీద జరిపి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 4.79 శాతం మందికి ఉన్నట్టు తేలింది. ఎలర్జీతో కళ్ళు నలిపే అలవాటు దీన్ని పెంచుతుంది. ఏటా సైట్ మారుతున్నా, సిలిండర్ పవర్ పెరుగుతున్నా, ఇంట్లో ఎవరికైనా ఉన్నా డాక్టరుకు చెప్పండి. కార్నియా మ్యాప్ తీసే టోపోగ్రఫీ పరీక్ష చేసి "మీకు లాసిక్ పనికిరాదు" అంటే నిరాశ పడొద్దు. అది మీకు దొరికిన మేలు. కొందరికి కార్నియాను చెక్కకుండా లోపల పెట్టే లెన్స్ సరిపోవచ్చు.

ఎక్టేసియా వచ్చినా ఇప్పుడు ఆపే దారి ఉంది. రైబోఫ్లేవిన్ అనే బీ2 విటమిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతితో కార్నియాను గట్టిపరుస్తారు. క్రాస్‌లింకింగ్ అనే ఈ పద్ధతి జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టింది. 2016లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఇది పోయిన చూపును పూర్తిగా తేదు, ఉన్నది జారిపోకుండా నిలుపుతుంది. ఆపైన ప్రత్యేక కాంటాక్ట్ లెన్సులతో చూపు మెరుగుపరుస్తారు. ఎంత త్వరగా గుర్తిస్తే అంత చూపు మిగులుతుంది.

మన పద్ధతులు, మన పండుగలు

ఈ జాగ్రత్తలు మామూలు ఆసుపత్రి కాగితంలో ఉండవు కనుక ప్రత్యేకంగా రాస్తున్నాం.

పెళ్ళికి వారం ముందు లాసిక్ వద్దు. తలంబ్రాలు, అక్షతలు కంట్లో పడతాయి, హోమం పొగ తగులుతుంది, కాటుక, మేకప్ తప్పవు. కనీసం రెండు మూడు నెలల ముందు చేయించుకోండి.

తిరుమల దర్శనం, తలనీలాలు ఆపరేషన్‌కు ముందే పూర్తిచేసుకోండి. క్యూలో ఒక మోచేయి తగిలితే చాలు. గుండు చేసేటప్పుడు నీళ్ళు కళ్ళలోకి కారతాయి.

హారతి, తీర్థం చేతులతో కళ్ళకద్దుకోవడం మనకు అలవాటు. డాక్టరు సరే అనేదాకా నమస్కారం పెట్టుకుంటే చాలు. కుంకుమ, విభూతి రాలేలా పెట్టుకోవద్దు. హోలీ రంగులు, ఈత కొలను కూడా అంతే.

పసిపిల్లలున్న ఇంట్లో మొదటి వారం వాళ్ళను పక్కలో పడుకోబెట్టుకోకండి. చిన్న వేలు కంట్లో పడితే చాలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ తర్వాతే ఆలోచించాలి.

సెలవుల లెక్క

విమానం ఎక్కితే ఫ్లాప్ ఊడదు. గాలి పొడిగా ఉంటుంది కనుక చుక్కలు వేసుకుంటే చాలు. అసలు ఇబ్బంది, మీ కంటిని చూసిన డాక్టరుకు దూరమవడం. అందుకని:

1. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు డాక్టరు చెప్పినన్ని రోజులు ముందే ఆపాలి. లేకపోతే కొలతలు తప్పుతాయి. ఇది దోహాలోనే మొదలుపెట్టండి.

2. సెలవు మొదటి వారంలో పరీక్షలు, ఆపరేషన్. చివరి వారంలో వద్దే వద్దు.

3. మర్నాటి చెకప్, మొదటి వారంలోని చెకప్‌లు, వీలైతే నెల చెకప్ అక్కడే పూర్తిచేసుకోండి.

4. డబ్బు కట్టే ముందు అడగండి: సమస్య వస్తే రాత్రి ఎవరు చూస్తారు? మళ్ళీ చేయాల్సి వస్తే ఖర్చు ఎవరిది? నా కార్నియా మందం ఎంత, చెక్కాక ఎంత మిగులుతుంది?

5. దోహాకు వచ్చే ముందు కాగితాలు తెచ్చుకోండి: ముందటి సైట్, టోపోగ్రఫీ మ్యాప్, కార్నియా మందం, ఆపరేషన్ పద్ధతి, తేదీ, వాడుతున్న మందులు. ముప్పై ఏళ్ళ తర్వాత శుక్లాల ఆపరేషన్ చేయించుకునేటప్పుడు లెన్స్ పవర్ లెక్కకు ఇవే కావాలి. ఫోనులో ఒక కాపీ, ఇంట్లోవాళ్ళ దగ్గర ఒక కాపీ ఉంచండి.

6. ఇక్కడ మీ కన్ను ఎవరు చూస్తారో వెళ్ళే ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇన్సూరెన్స్ లేజర్ చికిత్సకు, దాని తర్వాతి సమస్యలకు వర్తిస్తుందో లేదో కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

ఇండియాలో ఉండగా సమస్య ముదిరితే కార్నియా నిపుణులున్న చోటికి వెళ్ళండి. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు విశాఖపట్నంలో, విజయవాడలో కూడా ఆసుపత్రులున్నాయి. ఖతార్‌లో ఉండగా నొప్పి పెరుగుతున్నా, చూపు ఒక్కసారిగా మసకబారినా, కంటికి దెబ్బ తగిలినా, పుసి వస్తున్నా అదే రోజు కంటి డాక్టరుకు చూపించుకోండి. తీవ్రమైన అత్యవసరానికి 999 ఉంది. ఆపరేషన్ అయి పదేళ్ళయినా "నాకు లాసిక్ అయింది" అని మొదటి మాటగా చెప్పండి. గట్టి దెబ్బ తగిలితే ఏళ్ళ తర్వాత కూడా ఫ్లాప్ జరగవచ్చు. కార్నియా పలుచబడినందున కంటి ఒత్తిడి కొలత కూడా తక్కువ చూపిస్తుంది.

నలభై దాటినవారికి ఒక మాట. దూరపు చూపు లేజర్‌తో బాగైనా చత్వారం ఆగదు. పేపరు చదవడానికి అద్దాలు రావడం ఆపరేషన్ చెడిపోవడం కాదు, వయసు.

కళ్ళద్దాలు ఉండటం జబ్బు కాదు, లేజర్ అత్యవసరమూ కాదు. ఈ సెలవుల్లో రోజులు చాలకపోతే పరీక్షలు మాత్రం చేయించుకుని, ఆపరేషన్ వచ్చే సెలవులకు పెట్టుకోండి. ఈ పేజీ కత్తిరించి పాస్‌పోర్టు కవరులో ఉంచుకోండి. ఇంట్లో సైట్ ఉన్న పిల్లలతో కలిసి ఒకసారి చదవండి.